ఎడమ పక్క సీటు

"అసలు నువ్వెందుకు తొక్కావు?"

పొద్దుటినుంచి మాస్టారు అడుగుతున్నది ఇదొక్కటే. గుద్దుకున్న చోట అడిగారు. వెనక వ్యాను డ్రైవరు దిగి చొక్కా పట్టుకోబోతే అతని భుజం మీదుగా అడిగారు. కారును కట్టి లాక్కొచ్చిన బండిలో ఇరుక్కుని కూర్చుని అడిగారు. ఇప్పుడు మెకానిక్కు షెడ్డులో పాత టైర్ల మీద కూర్చుని మళ్ళీ అడిగారు.

"తొక్కకపోతే ఆ తల్లీ బిడ్డా మన చక్రాల కింద ఉండేవాళ్ళు," అంది భార్య.

"నేను ఆపేవాణ్ణి."

"ఆపలేదుగా."

"ఆపేవాణ్ణంటున్నానా! ఈలోపలే నువ్వు తొక్కి కూర్చున్నావు. వెనకవాడు వచ్చి గుద్దాడు. అద్దంలో వెనక్కి చూడకుండా బ్రేకు మీద కాలు వెయ్యకూడదని నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళకి మొదటిరోజే చెబుతాను."

"నేను మీ దగ్గర నేర్చుకున్నదెప్పుడు?"

ఊరందరికీ కారు నేర్పిన మనిషి పెళ్ళానికి నేర్పలేదు. ఒకసారి మొదలుపెట్టారు. వీధి చివరికి చేరేలోపల బండి ఆగిపోతే, స్టూడెంట్లందరూ చూస్తుండగా ఆమెను కసురుకున్నారు. ఆమె తలుపు తీసుకుని దిగి, నడిచి ఇంటికి వచ్చేసింది. అంతటితో ఆ చదువు ముగిసింది.

ఆ కారు చూడ్డానికి అన్ని కార్లలాగే ఉంటుంది. నెత్తిమీద డ్రైవింగు స్కూలు బోర్డు ఒక్కటే తేడా. లోపలికి తొంగిచూస్తే ఇంకో తేడా తెలుస్తుంది. ఎడమ పక్క సీటు దగ్గర కూడా ఒక క్లచ్చు, ఒక బ్రేకు ఉంటాయి. నేర్చుకునేవాళ్ళు స్టీరింగు పట్టుకుంటే మాస్టారు ఎడమ పక్కన కూర్చుని, వాళ్ళు తడబడ్డప్పుడు తన బ్రేకు తొక్కుతారు. ఇంట్లో ఇంకో కారు లేదు గనక ఎక్కడికి బయల్దేరినా ఇదే. అప్పుడు స్టీరింగు దగ్గర మాస్టారు, ఎడమ పక్కన ఆమె, ఆ పెడళ్ళకు తగలకుండా కాళ్ళు ముడుచుకుని.

ఇన్నేళ్ళలో ఆమె ఆ బ్రేకు మీద కాలు పెట్టింది ఇవాళే.

"అందుకే బైపాసు మీద పోదామన్నాను," అన్నారు మాస్టారు. "ఊళ్ళోంచి పోదాం, చూసినట్టుంటుంది అన్నావు. చూశాంగా ఊరు."

"అన్నాను. నాదే తప్పు. ఎప్పుడూ పైవంతెన మీంచి మేడల కొసలు తప్ప ఈ ఊళ్ళో ఏం చూశాం గనక అనుకున్నాను. సరేనా?"

సరే అని ఎవరంటారు? షెడ్డులో సుత్తి మాత్రం మాట్లాడుతోంది.

మెకానిక్కు కారు కిందనుంచి తల బయటపెట్టాడు. పళ్ళ మధ్య స్క్రూ పట్టుకునే మాట్లాడతాడతను. "ఏమనుకోకండి సార్. మీ బండి మీద బోర్డు చూసి మావాళ్ళు నవ్వు ఆపుకోలేకపోతున్నారు. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి తనే పోయి కుడితిలో పడిందంట."

"వెనకనుంచి గుద్దితే మాస్టారేం చేస్తాడయ్యా?"

"అదీ నిజమే సార్. వెనక రేకు చక్రానికి రాసుకుంటోంది. డిక్కీ మూతపడట్లేదు. బ్రేకు పైపు కూడా మార్చాలి. మధ్యాహ్నం దాటుతుంది. అదిగో, ఎదురుగా టీ కొట్టుంది. నీడగా ఉంటుంది, వెళ్ళి కూర్చోండి."

మధ్యాహ్నం దాటితే కూతురి ఊరు చేరేదెప్పుడు? ఇంకా సగం దారి ఉంది. రేపు పొద్దున్నే కూతురు డ్యూటీలో చేరాలి. కాన్పు సెలవు అయిపోయింది. ఇంకొక్కరోజు పొడిగించినా ఆ కుర్చీలో వేరేవాళ్ళు కూర్చుంటారని ఆఫీసువాళ్ళు మొహం మీదే చెప్పారట. అల్లుడిది ఓడలో ఉద్యోగం, ఎప్పుడొస్తాడో సముద్రానికి తెలియాలి. చంటిదాన్ని చూసుకోవడానికి అమ్మ రావాలి. అమ్మేమో ఎవరినీ ఎరగని ఊళ్ళో టైర్ల పక్కన నిలబడి ఉంది.

రోడ్డు దాటుతుంటే మాస్టారు ఆమె మోచెయ్యి పట్టుకున్నారు. ఈ మధ్య అదొక అలవాటయింది. అంత కోపంలోనూ ఆ చెయ్యి తగిలితే ఆమెకు కొంచెం మెత్తబడ్డట్టయింది.

ఒక్క చెయ్యి పట్టుకోవడమేనా? గత వర్షాకాలం నుంచి మాస్టారి వరసే మారిపోయింది. కారు తీస్తే చాలు, "నువ్వూ రా, ఒక్కణ్ణీ వెళ్తే తోచదు" అంటారు. దారంతా కబుర్లు చెప్పమంటారు. "నీ పక్క ఏం కొట్లు వచ్చాయి? ఎవరైనా అడ్డొస్తున్నారా? ఆ సందులోంచి ఏదైనా బండి వస్తోందా?" ఆమె చెబుతూ ఉండేది. అదిగో సైకిలు, అదిగో బడిపిల్లలు, అదిగో కొత్తగా పెట్టిన చెప్పుల కొట్టు. ఒకప్పుడు "నీ నోటికి కాస్త విశ్రాంతి ఇవ్వు" అన్న మనిషికి ఇన్నేళ్ళకి తన మాటలు రుచించాయని ఆమె మురిసిపోయింది. తన దగ్గర కుట్టు నేర్చుకునే అమ్మాయిలతో చెప్పుకుని మరీ మురిసిపోయింది.

టీ కొట్టు వసారాలో రెండు కుర్చీలు రోడ్డుకేసి వేసి ఉన్నాయి. మాస్టారు ఒకదాంట్లో, ఆమె ఆయన ఎడమ పక్క దాంట్లో కూర్చున్నారు. టీలు వచ్చాయి. ఒక పళ్ళెంలో బన్ను వచ్చింది.

మాస్టారు షెడ్డుకేసి చూస్తూ మళ్ళీ మొదటికి వచ్చారు. "నేను చూడలేదనుకున్నావు. చూశాను. తొక్కబోతున్నాను..."

ఇక వినే ఓపిక ఆమెకు లేదు. లేచి, వెనక గోడ దగ్గర ఉన్న కుళాయి దగ్గరికి వెళ్ళింది. మొహం కడుక్కుంది. చల్లటి నీళ్ళు కళ్ళకు హాయిగా తగిలాయి. కొంగుతో తుడుచుకుని వెనక్కి తిరిగింది.

మాస్టారు ఇంకా మాట్లాడుతూనే ఉన్నారు.

"... పెళ్ళైనప్పటినుంచి ఇంతే నువ్వు. నామీద నమ్మకం లేదు. నమ్మకం ఉన్న మనిషైతే బ్రేకు మీద కాలేస్తుందా?" ఒక్క క్షణం ఆగారు. "ఏం, మాట్లాడవేం?"

ఆమె కుర్చీ ఖాళీగా ఉంది.

పక్క బల్ల దగ్గరున్న ఇద్దరు మొహాలు చూసుకున్నారు. ఒకడు టీ గ్లాసులో నవ్వాడు. ఆమెకు కూడా ముందు నవ్వే వచ్చింది. ఖాళీ కుర్చీతో దెబ్బలాడే మొగుణ్ణి చూస్తే ఎవరికి రాదు?

మాస్టారు గొంతు తగ్గించారు. చేత్తో తడిమి బన్ను పళ్ళెం ఎడమ పక్కకి జరిపారు. "సరేలే. తిను ముందు. పొద్దుటినుంచి ఏమీ తినలేదు నువ్వు. కోపం నామీదైతే నామీద చూపించు, కడుపు మీద ఎందుకూ?"

ఆమె నవ్వు ఆగిపోయింది.

చప్పుడు చెయ్యకుండా వచ్చి ఆయన ఎడమ పక్కన నిలబడింది. చెంపకు దగ్గరగా చెయ్యి ఆడించింది. మాస్టారి రెప్ప కూడా కదల్లేదు. ఎదురుగా షెడ్డుకేసి చూస్తూ టీ తాగుతున్నారు. పక్క బల్లవాళ్ళ నవ్వు కూడా ఆగిపోయింది.

ఆమె వెనకనుంచి చుట్టూ తిరిగి కుడి పక్కకి వచ్చి నిలబడింది. మాస్టారు ఉలిక్కిపడ్డారు. టీ చొక్కా మీద ఒలికింది.

"ఎప్పుడు లేచావు?"

"ఎప్పటినుంచి?" అంది ఆమె.

"ఏది ఎప్పటినుంచి?"

"ఎడమ కన్ను."

మాస్టారు జేబురుమాలు తీసి చొక్కా తుడుచుకున్నారు. తడి ఆరాక కూడా తుడుస్తూనే ఉన్నారు.

"ఏవండీ, అడుగుతున్నాను."

"దుమ్ము పడిందే. చెప్పానుగా, చుక్కలు వేసుకుంటున్నానని."

"ఏ దుమ్మండీ అది? వర్షాకాలం నుంచి పోని దుమ్ము?"

ఆయన జేబురుమాలు మడిచి జేబులో పెట్టుకున్నారు. మాట్లాడినప్పుడు ఆ గొంతు నేర్పే మాస్టారిది కాదు, పరీక్ష తప్పిన పిల్లాడిది. "కంట్లో ఒత్తిడి పెరిగిందట. నరం పాడైపోయిందట. పోయిన చూపు రాదట. ఎడమది ఇంచుమించు పోయింది. కుడిది కూడా ఓ పక్కనుంచి తరుగుతోంది. ఉన్నదాన్ని ఆ చుక్కలతో కాపాడుకోవాలట."

"కారు నడపచ్చన్నాడా డాక్టరు?"

మాస్టారు టీ గ్లాసు చేతిలో తిప్పుతున్నారు.

"నడపచ్చన్నాడా, అని."

"వద్దన్నాడు."

ఆమె కూర్చుంది. ఈసారి కుడి పక్క, వసారా మెట్టు మీద. సాయంత్రాలు తన పక్కన కూర్చుని సూదికి దారం ఎక్కించి ఇచ్చేవారు మాస్టారు. ఈ మధ్య అడిగితే "నీకు కళ్ళు లేవా" అని విసుక్కుంటున్నారు. అలా విసుక్కున్న మొదటిరోజే అడగాల్సింది. అడగలేదు. వయసొచ్చింది, చిరాకు పెరిగింది అనుకుంది.

"అయితే నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది తోచక కాదు."

"నువ్వుంటే ధైర్యంగా ఉంటుంది."

"ధైర్యం కాదండీ. కన్ను. మీకు పోయిన కన్ను బదులు నన్ను పెట్టుకున్నారు. నేనేమో..." ఆ తర్వాత మాట ఆమె అనలేకపోయింది. మొగుడికి ముద్దొచ్చాననుకున్నాను అని ఏ ఆడది నోరు విడిచి చెబుతుంది, అదీ టీ కొట్టు మెట్టు మీద కూర్చుని?

కాసేపటికి ఆమెకు ఇంకో సంగతి తట్టింది. "టోలుగేటు దాటాక నేను నిద్రపోయాను."

"ఊఁ."

"ఎంతసేపు పోయాను?"

"చాలాసేపే."

"లేపలేదేం?"

"తెల్లవారకముందే లేచి సామాన్లు సర్దావు. అలిసిపోయావని..."

ఆమె నెత్తి కొట్టుకుంది. ఈ మనిషిని ఏం చెయ్యాలి? కళ్ళు లేకుండా లారీల మధ్య కారు తోలుతూ, కళ్ళు కావలసిన పెళ్ళాన్ని పాపం అలిసిపోయిందని నిద్రపోనిచ్చాడు. తిట్టాలో, కాళ్ళమీద పడి ఏడవాలో తెలియలేదు.

"నేర్చుకునే పిల్లల సంగతేంటి? వాళ్ళని ఏ కంటితో చూస్తున్నారు?"

"వాళ్ళకి కళ్ళున్నాయిగా."

"అదా జవాబు?"

"మరేం చెయ్యమంటావు?" మాస్టారు ఒక్కసారిగా గొంతు పెంచారు. "స్కూలు మూసి ఇంట్లో కూర్చోనా? నీ జాకెట్లకి హుక్కులు కుట్టనా? అదీ చెయ్యలేను, సూది కనబడి చావదు!"

టీ కొట్టంతా ఇటే చూసింది. మాస్టారికి ఆ సంగతి తెలిసిందో లేదో. కుడి పక్కవాళ్ళు మాత్రం కనిపించి ఉంటారు.

మధ్యాహ్నం దాటి, ఎండ వాలుతుండగా కారు సిద్ధమైంది. మెకానిక్కు చేతులు తుడుచుకుంటూ వచ్చి, "కొన్నప్పటికన్నా బాగుంది సార్," అన్నాడు.

ఆమె మెకానిక్కుని పక్కకి పిలిచింది. "బాబూ, ఇక్కడ డ్రైవరు ఎవరైనా దొరుకుతారా? మమ్మల్ని దింపేసి బస్సులో వచ్చేస్తాడు."

"మా బావమరిదే ఉన్నాడమ్మా. కబురు పెడితే వచ్చేస్తాడు."

"ఎందుకు?" అన్నారు మాస్టారు. చూపు పోయిందేమో గానీ చెవులు పాముచెవులు. "డ్రైవింగు స్కూలు బండి. నెత్తిమీద నా బోర్డు. దాన్ని ఇంకొకడు తోలితే నేను వెనక సీట్లో కూర్చుని ఊరేగాలా? తోవలో మన ఊరివాడు ఒక్కడు చూశాడంటే చాలు, రేపటికి స్కూలుకి తాళమే."

"చూస్తే చూడనివ్వండి. ప్రాణం కన్నా..."

"నాకదే ప్రాణం."

మెకానిక్కు ఇద్దరి మొహాలూ చూశాడు. మొగుడూ పెళ్ళాల మధ్య తలదూర్చడం కన్నా కారు కింద దూరడం నయమనుకున్నాడో ఏమో, లోపలికి వెళ్ళిపోయాడు.

"అయితే నేను ఎక్కను," అంది ఆమె.

"ఎక్కకు. బస్టాండు ఎక్కడో అడిగి బస్సెక్కు. రాత్రికి చేరిపోతావు. నేను మెల్లగా వస్తాను."

"ఎలా వస్తారు?"

"ఇంతదాకా ఎలా వచ్చాను?"

"నేనుంటే వచ్చారు!"

"నువ్వు నిద్రపోతే కూడా వచ్చాను."

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, ఆమె అక్కడే నిలబడి ఉంది. తాను బస్సెక్కితే ఆయన ఒక్కరే బయల్దేరతారు, అందులో సందేహం లేదు. పట్టు పడితే వదిలే మనిషి కాదు. ఎక్కకుండా ఇక్కడే కూర్చుంటే కూతురి ఉద్యోగం పోతుంది. ఎక్కితే... ఎక్కితే ఏమవుతుందో ఆలోచించడానికి ఆమెకు మనసు రాలేదు.

ఫోను మోగింది. కూతురే.

సుత్తి మోతకు ఏమీ వినపడక ఆమె షెడ్డు వెనక సందులోకి వెళ్ళింది.

"ఎక్కడున్నారమ్మా? ఇంకా చేరలేదేం?" వెనక చంటిది గుక్కపట్టి ఏడుస్తోంది.

నాన్నకి కళ్ళు కనబడటం లేదే అని చెప్పడానికి ఆమె నోరు తెరిచింది. చెబితే అక్కడ అది ఒంటరిగా బిడ్డనెత్తుకుని తల్లడిల్లిపోతుంది. చెప్పకపోతే ఎలా? "నాన్నగారు..." అని ఆగిపోయింది. "ఇవాళ పొద్దున ఎడమ పక్కనుంచి ఒకావిడ బిడ్డతో అడ్డొచ్చింది. మీ నాన్నగారు..."

అటునుంచి చంటిదాని ఏడుపు ఒక్కటే వినపడుతోంది.

"చూడలేదా?" అంది కూతురు. చాలా మెల్లగా అంది.

ఆ మాట అడిగిన తీరుకే ఆమెకు అంతా అర్థమైపోయింది. గోడకు చెయ్యి ఆనించుకుంది.

"నీకు తెలుసా?"

"అమ్మా..."

"తెలుసా, నీకు?"

"చంటిదాన్ని చూడ్డానికి వచ్చినప్పుడు నేనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. నీకు చెప్పద్దని చేతిలో చెయ్యి వేయించుకున్నారు. నువ్వు బెంగపెట్టుకుంటావని. ఒక్కణ్ణే ఎక్కడికీ వెళ్ళను, మీ అమ్మని పక్కన కూర్చోబెట్టుకునే వెళ్తానని ఒట్టేశారు. నువ్వు పక్కనుంటావు కదా, నువ్వు చూసుకుంటావు కదా అని..."

"నేను పక్కనుంటానని నీకు చెప్పారు, సరే. ఎందుకున్నానో నాకెవరు చెప్పారే?"

కూతురు ఏడవడం మొదలుపెట్టింది. తల్లీ కూతురూ, అటు చంటిదీ. ఎవరు ఎవర్ని ఊరుకోబెట్టాలో తెలియలేదు.

"బస్సులో రా అమ్మా. నాన్నని కూడా దింపి తీసుకురా. ఎలాగోలా..."

"దిగరు."

"మరెలా?"

ఆ ప్రశ్న తనని అడుగుతున్నారు. ఇన్నాళ్ళూ ఎవరూ ఏమీ చెప్పని తనని. "వస్తాంలే," అంది ఆమె. "నువ్వు రేపటికి బట్టలు సిద్ధం చేసుకో. వస్తాం."

తిరిగి వచ్చేసరికి కారు షెడ్డు గుమ్మంలో ఉంది. మాస్టారు స్టీరింగు దగ్గర కూర్చుని ఉన్నారు. ఎడమ పక్క తలుపు బార్లా తీసి ఉంది.

"ఎక్కు," అన్నారు. కొంచెం ఆగి, "నీ ఇష్టం," అన్నారు.

ఆమె ఆయన్ను చూసింది. తలకు నూనె రాసుకుని దువ్వుకున్నారు. చొక్కా మీద టీ మరక అలాగే ఉంది. రెండు చేతులూ స్టీరింగు మీద, స్టూడెంట్లకు చూపించినట్టు తీరుగా పెట్టుకున్నారు. ఇంజను ఇంకా వెయ్యలేదు. తనకోసం ఆగారు. కానీ ఎంతసేపు ఆగుతారో ఆమెకు తెలుసు.

ఇంతమంది తనమీద ఆధారపడ్డారు, ఒక్కరూ తనని అడగలేదు. ఆ కోపాన్ని ఎవరి మీద పారబోయాలి? చూపు లేని మొగుడి మీదా, పాలిచ్చే కూతురి మీదా?

ఆమె ఎక్కి కూర్చుని తలుపు వేసుకుంది. ఈసారి కాళ్ళు ముడుచుకోలేదు. కుడికాలు బ్రేకు దగ్గరే పెట్టుకుంది.

మాస్టారు తల పూర్తిగా తిప్పి అది చూశారు.

"ఇప్పటినుంచి దాచేదేం లేదు," అన్నారు ఇంజను వేస్తూ. "నువ్వు చూడు, నేను నడుపుతాను. అంతే. మెల్లగా పోదాం."

మెకానిక్కు చెయ్యి ఊపాడు. కారు సందు చివరికి వచ్చి ఆగింది. ఎదురుగా పెద్ద రోడ్డు. ఆఫీసులు వదిలే వేళ కాబోలు, బండి వెనక బండి, సందు లేకుండా పోతున్నాయి. వాలిన ఎండ అద్దం మీద పడి మెరుస్తోంది. వెనక ఏదో ఆటో వచ్చి ఆగి, ఒకటే హారను కొడుతోంది.

"కుడి పక్క ఇప్పుడు ఖాళీ," అన్నారు మాస్టారు. "నీ పక్క చూడు."

ఆమె ఎడమ పక్కకి తిరిగింది. అప్పుడు వచ్చింది ఏడుపు. టీ కొట్టులో రాలేదు, ఫోనులో కూతురు ఏడుస్తుంటే రాలేదు. తీరా చూడవలసిన సమయానికి కట్ట తెగినట్టు వచ్చింది. కొంగుతో గట్టిగా తుడుచుకుంది. తుడిచినకొద్దీ నిండాయి. రోడ్డంతా అలికేసినట్టయిపోయింది. ఎండా, బండ్లూ, మనుషులూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. ఆ అంచున ఏదో కదులుతోంది. బండో, మనిషో, ఎవరి చెయ్యో పట్టుకున్న పిల్లో.

ఆయన మొహం రోడ్డుకేసే తిరిగి ఉంది. ఆమె ఏడుస్తున్నది ఆయనకు కనబడని వైపు.

వెనక ఆటో హారను ఆగలేదు. మాస్టారు గేరు వేశారు.

"చెప్పవేం?" అన్నారు. "పోనివ్వనా?"